వదిలిన చోటు

11 ఆగస్టు 2025, సోమవారం

హిందూపురం, చింతపండు గోడౌన్. రక్తపింజర. ఆడది. మూడున్నర అడుగులు.

హమాలీలు కేకలు పెడితే అది షట్టరు కిందికి దూరిందట. వీళ్లు షట్టరు లాగేసినారు. తోక చివర రెండు వేళ్ల పొడవు నలిగి పిప్పి అయింది. నేను పోయేసరికి గోనెసంచుల సందులో చుట్టుకుని, కుక్కర్ మాదిరి బుస కొడుతోంది.

"ఒక దెబ్బకు పోయేదానికి పెనుకొండ నుంచి మనిషిని పిలిపించినారు సూడు," అని మేస్త్రి వెక్కిరించినాడు.

"ఆ దెబ్బ నువ్వే ఏసుంటే నేను మోటార్లు చుట్టుకుంటా ఉందును గదప్పా," అన్నాను. 

షాపుకు తెచ్చి, తలను ప్లాస్టిక్ గొట్టంలోకి ఎక్కించి, నలిగిన ముక్కను బ్లేడుతో కోసి మందు పూసినాను. మోటార్లకు సన్నటి రాగితీగ చుట్టే చేతులకు అదేం పెద్ద పని కాదు. ఇంక జన్మంతా దాని తోక మొండే. పుండు ఆరేదాకా మూత బిగించిన పెయింటు బకెట్లో ఉంటుంది.

"పాముకు ఆపరేషన్ చేసే మొగుడు దొరికినాడు గానీ, నా కాలిపుండుకు మందు తెచ్చే దిక్కు లేదు," అంది మహేశ్వరి అన్నం పెడుతూ. రేపు తేవాలి.

వదిలిన చోటు: ఇంకా లేదు.

15 ఆగస్టు, శుక్రవారం

ధర్మవరంలో యువజన సంఘం వాళ్లు జెండా పండగకు పిలిచి శాలువా కప్పినారు. పట్టుచీరల ఊరు గదా అనుకుంటే శాలువా మాత్రం నైలాను. అయినా బాగానే ఉంది. ఊదారంగు.

"ఇరవై ఏళ్లలో మూడు వేల పాములకు ప్రాణం పోసిన మహానుభావుడు" అన్నాడు మైకు పట్టుకున్నాయన. పద్దెనిమిది ఏళ్లు, పద్దెనిమిది వందల చిల్లర. సరిదిద్దుదామని లేచేలోపల చప్పట్లు పడినాయి. పోనీలే అని ఊరుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు, ఈ పొద్దే ఒక రక్తపింజరను అడవికి చేర్చి నేరుగా మీ దగ్గరికి వచ్చినాను అని చెప్పినాను. అప్పుడు ఇంకా గట్టిగా కొట్టినారు. పిల్లలు ఫోటోలు దిగినారు. మహేశ్వరికి వీడియో పంపినాను.

పింజర పుండు బాగా ఆరింది. వదలగానే గడ్డిలోకి చక్కగా పోయింది.

వదిలిన చోటు: పెద్దవంక అవతల, అడవి.

16 ఆగస్టు

వాన లేదు. ఫోన్లు లేవు.

19 ఆగస్టు, మంగళవారం

చెన్నేకొత్తపల్లికి ఒక మోటారు ఇచ్చేదానికి పోతూ కుళ్లాయప్ప బీడు పక్క నుంచి పోయినాను. గొర్రెల వెనక గుట్ట మీద ఉన్నాడు. నన్ను చూసి కట్టె పైకెత్తినాడు. నేను హారన్ కొట్టి వచ్చేసినాను. ఎప్పుడూ ఆగేవాణ్ణి.

పాములను పట్టమని అందరూ పిలుస్తారు, మా పక్క వదలొద్దని కూడా వాళ్లే అంటారు. పదకొండేళ్ల కిందట కుళ్లాయప్ప ఒక్కడే, ఎనభై గొర్రెలను మేపుకునే మనిషి, "నా బీడులో వదులుకోప్పా, యాడో ఒకచోట అవీ బతకాల గదా" అన్నాడు. ఒకటే షరతు పెట్టినాడు. "నాగుపామైనా సరే, జెర్రిపోతైనా సరే. పింజరను మాత్రం వద్దు. నాగుపాము గొర్రెల అడుగులకే పక్కకు పోతాది. పింజర కదల్దు. రాయి మాదిరి పడుంటాది. బుస కొట్టినా గొర్రెల అరుపుల్లో యాడ ఇనపడ్తాది? కాలు పెట్టిందాకా తెలీదు."

సరేనన్నా అన్నాను. చేతిలో చెయ్యి వేసినాను.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో.

24 ఆగస్టు, ఆదివారం

పదకొండు గంటలకు కుళ్లాయప్ప కొడుకు శ్రీకాంత్ ఫోన్ చేసినాడు. "చిన్నాయనా, అమ్మకు పురుగు ముట్టింది, బిరీన రా."

వెంకటక్క గొర్రెపిల్లలకు ఆకు కోసేదానికి బీడులోకి పోయిందంట. ఎడమకాలి మడమ పైన రెండు గాట్లు. నేను పోయేసరికి పిక్క దాకా వాపు. ఎవరో తాడు కట్టినారు, విప్పించినాను. కాలు కదలకుండా రెండు బద్దలు వేసి కట్టినాను. పామును అప్పటికే పక్క చేనువాళ్లు కొట్టి గట్టు మీద పడేసినారు. ఏ పామో చెప్పు చిన్నాయనా, డాక్టర్లు అడుగుతారు అన్నాడు శ్రీకాంత్.

రక్తపింజర అని చెప్పినాను. తల చూస్తే చాలు. తోక చూడాల్సిన పని లేదు.

కారు మాట్లాడి ధర్మవరం తీసుకుపోయినాము. గాజు గొట్టంలో ఆమె రక్తం పోసి ఇరవై నిమిషాలు పెట్టినారు. గడ్డ కట్టలేదు. గొట్టం వంచితే నీళ్ల మాదిరి జారింది. విషానికి మందు ఎక్కించి, అక్కడి నుంచి అనంతపురం పంపినారు. దారిలో చిగుళ్ల నుంచి రక్తం. కుళ్లాయప్ప ముందు సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తలగుడ్డను నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆసుపత్రి మెట్ల మీద కుళ్లాయప్ప నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకుంటే ఆడనే పోయేది తిమ్మరాజా" అన్నాడు.

25 ఆగస్టు

తోక మొండి పాములు బోలెడుంటాయి. ముంగిస కొరుకుతుంది, ట్రాక్టరు తొక్కుతుంది.

26 ఆగస్టు, మంగళవారం

ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాసినాను. నా అంత పిరికివాడు ఉంటాడా?

ఆ రోజు లేచిందే ఆలస్యం. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి, బకెట్ బండికి కట్టుకుని బయలుదేరేసరికి ఎనిమిది. తొమ్మిదిన్నరకు జెండా. అడవికి పోయి రావాలంటే రెండు గంటలు ఎక్కువ. బకెట్‌తో పిల్లల మధ్యకు పోలేను. షాపులో పెట్టి పోవచ్చు, ఇంకొక్క రోజు ఉంటే చచ్చేది కాదు. కానీ ఈ పొద్దే ఒకదాన్ని వదిలి వస్తున్నాను అని మైకులో చెప్పుకోవాలని నాకు ఆశ. దాని కోసం కుళ్లాయప్ప బీడు దగ్గర బండి ఆపి, అటూ ఇటూ చూసి, కలేపొదల పక్కన బకెట్ వంచినాను. అటూ ఇటూ చూసినాను చూడు, అప్పుడే తెలుసు నాకు తప్పని.

చప్పట్లు పడింది దానికే.

గట్టు మీద దాని తోక చూసినాను. నేను కోసిన కోత నాకు తెలియదా?

వదిలిన చోటు: కుళ్లాయప్ప బీడు.

28 ఆగస్టు, గురువారం

అనంతపురం పోయి వచ్చినాను. కిడ్నీలు పని చేయడం లేదు. రోజు మార్చి రోజు మిషను పెట్టి రక్తం కడుగుతున్నారు. వెంకటక్క మొహం ఉబ్బి గుర్తు పట్టలేకుండా ఉంది. నన్ను చూసి నవ్వబోయింది.

"నీ సుట్టాలు నాకు మర్యాద జేసిరి సూడప్పా," అంది.

నవ్వలేకపోయినాను. గొర్రెలకు నీళ్లు ఎవరు పెడుతున్నారో అడిగింది. ఎర్ర గొర్రె ఈనిందా అని అడిగింది. పిల్లలు రెండంట, దీపిక చూసుకుంటోంది అని చెప్పినాను. దీపిక శ్రీకాంత్ పెండ్లాం, గుడిబండ పిల్ల, పెండ్లయి రెండేళ్లు కూడా కాలేదు. "ఆ పిల్ల ఉంటే నాకు దిగులు లేదు" అని కళ్లు మూసుకుంది. నిద్ర పట్టిందనుకుని లేచినాను.

"తిమ్మరాజా, అది మా బీడు పాము కాదప్పా," అంది కళ్లు తెరవకుండానే. "ఇరవై ఏండ్లు తిరిగినా ఆడ. మా బీడులో ఉండేటివి నాకు తెలుసు. యావూరి నుంచి వచ్చిందో."

వరండాలో చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడినాను. కుళ్లాయప్ప టీ తెచ్చి ఇచ్చినాడు. చెప్పాలనుకున్నాను. టీ తాగినాను. ఆమె లేచి తిరిగినాక చెబుదాం, ఇప్పుడు చెబితే ఆయన చేతులు కాళ్లు ఆడవు. అంతే. ఆయన కోసమే.

31 ఆగస్టు

నాలుగోసారి మిషను. కొంచెం మేలు అన్నాడు శ్రీకాంత్. మేలైతే ముడుపు కడతానని కొండకు మొక్కుకున్నాను. ఎన్నడూ మొక్కనివాణ్ణి.

3 సెప్టెంబరు, బుధవారం

పొద్దున ఆరు గంటలకు వెంకటక్క పోయింది.

6 సెప్టెంబరు, శనివారం

కుళ్లాయప్పను చూసేదానికి పోయినాను. ఇంటి ముందు ఆడవాళ్లు కూర్చున్నారు. కుళ్లాయప్ప అక్క, అక్కమ్మ, నడుమ కూర్చుని చెబుతోంది.

"ఊరికే కరిసిందా అది? తోక సూడలేదా మీరు? కోసినట్ల మొండిగా ఉండ్లా? పోయినేడు శెనక్కాయ కుప్ప కాడ ఈ పిల్ల కొడవలితో ఏసింది గదా పామును. తోక తెగి పోయింది. ఏడాది కాసుకోని ఉండి వచ్చింది. కోసింది కోడలు, పాయింది అత్త. పగబట్టిన పాము ఇంటిని వదల్దు. ఈ పిల్ల ఈడుంటే రేపు శ్రీకాంతు, ఎల్లుండి ఇంగొకరు."

దీపిక వంటింటి గడప మీద కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. ఆమె ముందరే మాట్లాడుతున్నారు, ఆమె అక్కడ లేనట్టు.

"పాములకు పగ ఉండదక్కా. వాటికి మనుషులు గుర్తుండరు," అన్నాను. "పోయినేడు దీపిక కొట్టింది జెర్రిపోతు. ఇది పింజర. జాతే వేరే."

"రూపు మార్చుకుంటాదప్పా. నీకు పట్టేది తెలుసు, దాని మనసు నీకేం తెలుసు? సరే, పగ లేదంటావు గదా. మరి ఆ తోక ఎవురు కోసినారు? నువ్వే చెప్పు."

అందరూ నా వైపు చూసినారు.

"షట్టరు కిందో, బండి కిందో పడుంటాది," అన్నాను. పాము చావకుండా కట్టె విరగకుండా మాట్లాడడం ఇన్నేళ్లలో బాగా నేర్చుకున్నాను. అక్కమ్మ నవ్వి, "మా బీడులో షట్టరు యాడుండాది?" అంది.

దినం అయిపోగానే దీపికను గుడిబండకు పంపించేయాలంట. ఆమె నాయనకు ఫోన్ చేసినారు. శ్రీకాంత్ ఏమీ అనలేదు. తల్లి పోయిన మనిషి, ఏమంటాడు?

వచ్చేటప్పుడు చెప్పులు తొడుక్కోవడం మరిచి సగం దారి వచ్చినాను.

9 సెప్టెంబరు, మంగళవారం

మహేశ్వరి షాపుకే వచ్చి కూర్చుంది. ఎప్పుడూ రాదు.

"నేను రెండో క్లాసు సదివినా గానీ గడియారం సూసేది తెలుసు," అంది. "ఎనిమిదికి ఇల్లు వదిల్తివి. తొమ్మిదిన్నర వీడియోలో జెండా కింద నిలబడుండావు. అడివికి ఎప్పుడు పోతివి, ఎప్పుడు వస్తివి?"

తేలు కుట్టిన దొంగ మాదిరి కూర్చున్నాను. చేతిలో తీగ తెగింది.

"చెప్పేస్తే ఇంక నన్నెవరూ పిలవరు," అన్నాను చివరికి. "పిలవకపోతే కనిపించినదాన్నల్లా కొట్టి చంపుతారు. ఏడాదికి వంద పాములు. నా పేరు కోసం కాదు."

"పాములకు నువ్వుండావులే. ఆ పిల్లకు ఎవరుండారు?"

నేను తెగిన తీగ కొసలు వెతుక్కున్నాను. మహేశ్వరి లేచి పోతూ, "శాలువా పెట్టె అడుగున పెట్టినా. అది నా కంటికి కనపడగూడదు," అంది.

10 సెప్టెంబరు

చెప్పాలి.

11 సెప్టెంబరు

అక్కమ్మ మనసు మారుతుందేమో. కోపం మీద అన్న మాట అది.

12 సెప్టెంబరు, శుక్రవారం

శ్రీకాంత్ ఫోన్. "రేపు దినం, తప్పకుండా రా చిన్నాయనా. నువ్వే గదా అమ్మను ఆసుపత్రికి మోసింది. మా నాయన నిన్ను పక్కన కూసోబెట్టుకుంటాడంట."

13 సెప్టెంబరు, శనివారం

ఇంటి ముందు షామియానా వేసినారు. నన్ను కుళ్లాయప్ప పక్కనే కూర్చోబెట్టినారు. వచ్చినవాళ్లంతా నన్ను చూపించి, ఈయనే ఉరికినాడు, ఈయనే కారు మాట్లాడినాడు అని చెప్పుకుంటున్నారు. ప్రతి మాటకూ నా మెడ కిందికి దిగింది. వడియాలు, పప్పు, పాయసం. 

గడప పక్కన దీపిక సంచి ఉంది. రెండేళ్ల కిందటి పెండ్లి సంచి, మీద పేర్లు ఇంకా చెరిగిపోలేదు. గుడిబండ నుంచి ఆమె నాయన నారాయణప్ప వచ్చి ఒక మూల కూర్చున్నాడు. విస్తరి వేసినా ముట్టలేదు. చేతిలో బస్సు టికెట్టు మడత పెడుతూ విప్పుతూ ఉన్నాడు.

తిన్నవాళ్లు లేచినాక అక్కమ్మ మొదలుపెట్టింది. "ఇంగ ఆ పిల్లను తోలకపోప్పా నారాయణప్పా. మాకు ఆ పిల్ల మింద కోపం లేదు. ఆ తోక కోసిన చెయ్యి ఈ ఇంట్లో ఉండగూడదు, అంతే."

నేను లేచినాను.  

"అక్కా, ఆ తోక కోసింది దీపిక కాదు. నేను."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పినాను. హిందూపురం గోడౌన్, షట్టరు, బ్లేడు, బకెట్, జెండా పండగ, కలేపొదలు. శాలువా సంగతి కూడా చెప్పినాను. అది ఒక్కటీ దాచిపెడదామని మనసు చివరిదాకా లాగింది.

కుళ్లాయప్ప నా మొహం చూడలేదు. నేల చూస్తూ అడిగినాడు.

"పింజరనా?"

"పింజరే అన్నా."

"నా బీడులోనా?"

"నీ బీడులోనే."

"నేను నీకేం చెప్పింటి?"

దానికి జవాబు ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన లేచి, తలగుడ్డ దులిపి చుట్టుకుని, గొర్రెల దొడ్డి వైపు పోయినాడు. కొట్టుంటే బాగుండేది. శ్రీకాంత్ నా చొక్కా పట్టుకున్నాడు. రెండు గుండీలు తెగినాయి. విడిపించింది నారాయణప్ప. "వదులు నాయనా, చెప్పినాడు గదా. ఇప్పుడన్నా చెప్పినాడు" అంటూ ఏడ్చినాడు ఆ పెద్దాయన.

దీపిక గడప దిగి నా ముందుకు వచ్చింది. నాకు దండం పెడుతుందేమో, వద్దనాలి అనుకున్నాను. ఎంత సిగ్గులేని మనసు నాది.

"ఎన్ని దినాల నుంచి తెలుసు మామా నీకు?"

"ఇరవై."

"ఇరవై దినాలు," అంది. "నేను గూడా నిజమే అనుకుంటి మామా. ఆ పొద్దు కొడవలి నేనెందుకు ఏస్తినో, నా అత్తను నేనే సంపుకుంటి గదా అని. మొన్న దూలానికి తాడు గూడా ఏసినా. ఆ గొర్రెపిల్ల పాలకు అరిస్తే దిగొచ్చినా. నువ్వు మాత్రం వచ్చి షట్టరు, బండి అని ఏమేమో చెప్పి పోతివి."

అంతే. సంచి ఎత్తుకుని లోపలికి పోయింది.

14 సెప్టెంబరు

పాపం దిగిపోతుందనుకున్నాను. దిగలేదు.

22 సెప్టెంబరు, సోమవారం

అటవీశాఖ ఆఫీసుకు పోయి జరిగింది రాసిచ్చినాను. వాళ్లు చెప్పేదాకా పాములు పట్టకూడదన్నారు. న్యాయమే. ధర్మవరం సంఘంవాళ్లు ఫోన్ చేసి, ఆ ఫోటోలు తీసేస్తున్నాము, ఏమనుకోవద్దు అన్నారు.

దీపికను పంపలేదని మహేశ్వరి సంతలో విని వచ్చింది. అక్కమ్మ మాత్రం ఆ పిల్ల చేతి నీళ్లు తాగడం లేదంట.

29 సెప్టెంబరు

రెండు మోటార్లు. పాముల ఫోన్లు వస్తే కదిరిలో పాములు పట్టేవాళ్ల నంబరు ఇస్తున్నాను.

9 అక్టోబరు, గురువారం

మధ్యాహ్నం తెలియని నంబరు. ఎత్తితే దీపిక.

"దొడ్లో పింజర ఉండాది. కదిరి వాళ్లు సాయంత్రం దాకా రాలేరంట. ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేసి అడిగినా. నిన్ను పిలవమనిరి. రా."

పోయినాను. అటక మీది కొక్కెం కట్టె దించేటప్పుడు చేతికి కొత్తగా అనిపించింది.

దొడ్డి బయట పది మంది కట్టెలతో ఉన్నారు. నడుమ దీపిక. పాము మీద గొర్రెపిల్లలను మూసే పెద్ద గంప బోర్లించి, దాని మీద రుబ్బురాయి పెట్టి, రెండు బారల దూరంలో కూర్చుని ఉంది. గంట నుంచి అట్లే కూర్చుందంట, ఎవరినీ దగ్గరికి రానీయకుండా. కుళ్లాయప్ప దూరంగా, గోడవైపు తిరిగి నిలబడినాడు.

చిన్నది. అడుగున్నర. తోక నిండుగా ఉంది. మొదట అదే చూసినాను. బకెట్లోకి ఎక్కించి మూత బిగించినాను.

"మంచి పని చేసినావమ్మా, కొట్టనీకుండా," అన్నాను.

"నీ పాముల మీద ప్రేమతో కాదు మామా," అంది. "ఇది సస్తే, రేపు ఈ ఇంట్లో ఎవరికి కాలు నొచ్చినా మళ్లీ నా మీదికే వస్తాది. నువ్వు చెప్పినావు గానీ, నమ్మినోళ్లు సగమే."

 బకెట్ బండికి కట్టినాను.

"యాడ వదుల్తావు?"

"అడవిలో."

"స్టేజీ మీద గూడా అట్లనే చెప్పింటివంట. ఆడికి పోయి ఫోటో పెట్టు."

బండి తిప్పుతుంటే కుళ్లాయప్ప గోడవైపు నుంచి తిరగకుండానే అన్నాడు. "ఇంగ నా బీడులో ఏదీ వదలద్దు. నువ్వూ రావద్దు."

సరేనన్నా అన్నాను. పదకొండేళ్ల కిందట కూడా ఇదే మాట అన్నాను.

పెద్దవంకలో నీళ్లున్నాయి. బండి ఇవతలే పెట్టి, చెప్పులు విప్పి, బకెట్ ఎత్తి పట్టుకుని దాటినాను. నాలుగు కిలోమీటర్లు నడిచినాను. బకెట్ వంచితే అది కాసేపు అక్కడే పడుకుంది, కదలకుండా, రాయి మాదిరి. కుళ్లాయప్ప చెప్పినట్టే. తర్వాత గడ్డిలోకి పోయింది. ఫోటో తీసినాను. సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కినాక ఫోటో దీపికకు పోయింది.

దీపిక చూసింది. రెండు నీలం గీతలు పడినాయి. జవాబు రాలేదు.

వదిలిన చోటు: పెద్దవంక అవతల, అడవి.